ఎడమ చెవి

ఒంగోలులో చెవుల డాక్టరు, నిన్నగాక మొన్న పట్టా పుచ్చుకున్న కుర్రాడు,
"ఎక్కడైనా బాగా చప్పుడుండే చోట పనిచేశారా మేడమ్?" అన్నాడు.
నవ్వొచ్చింది.
కనిగిరి పెద్దాసుపత్రి, కాన్పుల గది,
ఇరవై తొమ్మిదేళ్ళు.
అతను నవ్వలేదు. కాగితం మీద రాసుకున్నాడు.

అప్పట్లో మాకు తెర మీద గీతలు గీసే మిషన్లు లేవు.
జానెడు చెక్క గొట్టం.
ఆసుపత్రిది పగిలిపోతే
మార్కాపురంలో పలకలకు చెక్కలు బిగించే మౌలాలి
పెళ్ళాం కాన్పుకొచ్చినప్పుడు కొలతలు తీసుకుపోయి
వేపచెక్కతో చేసి తెచ్చాడు.
ఒక కొస పొట్ట మీద, ఒక కొస నా ఎడమ చెవిలో,
వేళ్ళు తల్లి మణికట్టు మీద, కళ్ళు గోడ గడియారం మీద.
రెండు గుండెలు.
ఒకటి నడుస్తుంటుంది, ఒకటి పరుగెత్తుతుంటుంది.
ఆ పరుగెత్తేదానికే ఇచ్చాను ఈ చెవిని.
ఓయమ్మో అన్న అరుపులూ, మొగుళ్ళ మీద తిట్లూ
కుడి చెవి వినేది.
అది ఇంకా బాగానే ఉంది.

మా వైపు నీళ్ళు చూడ్డానికి తేటగానే ఉంటాయి.
ముందు పళ్ళ మీద పసుపు గీత గీస్తాయి,
తర్వాత మోకాళ్ళలోకి, ఆ తర్వాత నడుంలోకి దిగుతాయి.
పాతికేళ్ళ పిల్ల లేవడానికి గోడ పట్టుకునేది.
బిడ్డ తల పట్టేంత దారి ఉందా లేదా అని
రెండు వేళ్ళతో కొలిచేదాన్ని.
మనుషులు నెలలు తప్పు చెబుతారు, వయసు తప్పు చెబుతారు.
ఎముక చెప్పదు.

ఆడపిల్ల పుడితే ముందు బరువు చెప్పేదాన్ని.
"మూడుంపావు!" అనగానే వరండాలో ముఖాలు విచ్చుకునేవి.
మిగతాది ఆ తర్వాత.

పక్క వీధి మైకులో దాసుగారు
అంతా మాయ, అంతా మాయ అని పాడేవాడు.
నాకు తెలిసిన మాయ అరకిలో ఉంటుంది.
బిడ్డ వెనకాలే వస్తుంది.
ఖాసింబీ దాన్ని ట్రేలో పరిచి లైటు కింద పెడితే
అంచు అంచూ తడిమేదాన్ని,
ముక్కేదైనా లోపల ఉండిపోయిందేమోనని.

మాలకొండమ్మకు ఉండిపోలేదు. అంతా వచ్చేసింది.
గర్భసంచే ముడుచుకోనంది.
రిజిస్టరులో ఉంది:
పంతొమ్మిదేళ్ళు, హనుమంతునిపాడు, తొలి కాన్పు, మగబిడ్డ.
నా పిడికిలి లోపల, రెండో చేయి పొట్ట మీద,
గంటన్నర అట్లాగే నొక్కి పట్టుకున్నాను.
వాళ్ళాయన పొగాకు జిగురు చేతులతో
గుమ్మంలో నిలబడ్డాడు. ఒక్క మాటా అడగలేదు.
రక్తం ఒంగోలు నుంచి రావాలి.
ఆర్టీసీ కండక్టరొకాయన ఐసుముక్కల సంచి ఒళ్ళో పెట్టుకుని
పొదిలి దాటాక టిక్కెట్లు కొట్టడం కూడా మానేశాడట.
సీసా అందుకోవడానికి ఖాసింబీ వెళ్ళింది.
నేను అప్పటికే గ్లవ్స్ విప్పేశాను.

మర్నాటి రాత్రి పామూరు నుంచి, ట్రాక్టరులో, వెంగమ్మ.
కలిపి చూస్తే కలిసింది.
ఫ్రిజ్జులో సీసా ఉంది కదా.
ఎక్కించాం. బతికింది.

ఇప్పుడు సంతలో ఎర్రగడ్డలు అమ్ముతుంది.
తూకం అయ్యాక ఇంకో గుప్పెడు వేస్తుంది.
వద్దంటే, "ఊరుకో రూతమ్మా,
నా ఒంట్లో నెత్తురు నువ్విచ్చిందే గదా" అంటుంది.
నేనిచ్చింది కాదే వెంగమ్మా,
ఇంకొకరి కోసం తెప్పించింది,
అని ఇరవై రెండేళ్ళుగా నోటిదాకా వస్తుంది.
సంచి చాపుతాను.

కుర్రాడు నన్ను చిన్న గదిలో కూర్చోబెట్టి
చెవులకు డిప్పలు తగిలించి
చప్పుడు వినిపించగానే వేలెత్తమన్నాడు.
తలుపు మూసుకుంది.
అంత నిశ్శబ్దంలో ఎప్పుడూ కూర్చోలేదు నేను.
కాసేపటికి ఎడమవైపు, ఎక్కడో అడుగున,
టకటక, టకటక,
ఎవరో చిన్నకాళ్ళతో పరుగెత్తుకొస్తున్నట్టు.
వేలెత్తాను.

అద్దం అవతల నుంచి చేయి ఊపాడు,
"ఇంకా మొదలుపెట్టలేదు మేడమ్."